సీటు వచ్చిన తర్వాత

(సంఘం వార్షికోత్సవం సందర్భంగా యువజన సదస్సులో ఒక గిరిజన బాలికల వసతిగృహం వార్డెన్ చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఇచ్చిన అంశం "ఉన్నత విద్య - మన యువత". అది చాలా పెద్ద మాట. నాకు తెలిసింది చిన్నది. ఇరవై ఏళ్లకు పైగా టీచరుగా, అందులో పన్నెండేళ్లుగా హాస్టల్ వార్డెన్‌గా పనిచేస్తున్నాను. ఈ పన్నెండేళ్లలో మా హాస్టల్ నుంచీ, చుట్టుపక్కల ఆశ్రమ పాఠశాలల నుంచీ బీటెక్‌కు పోయిన పిల్లల్ని చూశాను. కొందరు పట్టా తెచ్చుకున్నారు. కొందరు మధ్యలోనే తిరిగొచ్చారు. ఎందుకు తిరిగొచ్చారో, అందులో నా తప్పు ఎంతో, ఈ రోజు అదే చెప్తాను.

ముందు నా సంగతి. నేను ఇంటర్‌లో ఎంపీసీ చదివాను. మా ఊరి నుంచి ఇంటర్ పాసైన మొదటి ఆడపిల్లను. లెక్కలంటే ఇష్టం. ఎంసెట్ అనే పరీక్ష ఒకటి ఉంటుందని, అది రాస్తే ఇంజినీరింగ్‌లో చేరవచ్చని నాకు తెలిసేసరికి దరఖాస్తు గడువు దాటిపోయింది. చెప్పేవాళ్లు లేరు. మా లెక్కల సారు "టీచర్ ట్రైనింగ్ రాయమ్మా" అన్నారు, రాశాను, వచ్చింది. ఆ బతుకు నాకు మంచిగానే ఉంది, బాధ లేదు. కాని "తెలిసేసరికి గడువు దాటింది" అనే మాట మన పిల్లల నోట మళ్లీ వినకూడదని వార్డెన్ అయిన రోజే అనుకున్నాను.

మార్లవాయి నుంచి ఇక్కడి దాకా

మీలో చాలామందికి మార్లవాయి తెలుసు. 1943లో హైమన్‌డార్ఫ్ గారు అక్కడ గోండి భాషలో చదువు చెప్పే ఏర్పాటు చేశారు. బయటి నుంచి టీచర్లను తెచ్చి పెట్టడం కాదు, మనవాళ్లనే టీచర్లుగా తయారు చేసే శిక్షణ అక్కడ మొదలైంది. అప్పటికి కొమరం భీం జోడేఘాట్‌లో నేలకొరిగి మూడేళ్లు. జల్, జంగల్, జమీన్ కోసం ప్రాణమిచ్చిన తరం అది. ఆ తర్వాతి తరం అక్షరం నేర్చుకుంది. దాని తర్వాతి తరంలో మాలాంటి టీచర్లు, నర్సమ్మలు, బీట్ ఆఫీసర్లు వచ్చారు. ఇప్పుడు మీ తరం.

ఇంజినీర్లు ఎందుకు కావాలి మనకు? వానాకాలంలో వాగు పొంగితే మన ఊర్లు ఎట్లా తెగిపోతాయో మీకు నేను చెప్పాలా? నిండు నెలల మనిషిని మంచం మీద మోసుకొని వాగు దాటించిన వాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు. ఆ వాగు మీద వంతెన ఎక్కడ కట్టాలో, ఎంత ఎత్తున కట్టాలో లెక్క వేసే మనిషి ఇంజినీరు. గుట్ట మీది ఊట నీళ్లను మోటారు లేకుండా పైపులో కిందికి ఎట్లా తేవాలో చెప్పే మనిషి ఇంజినీరు. ఆ లెక్క వేసే మనిషి మన వాగు ఆవతలి ఊర్లో పుట్టిన పిల్ల అయితే, వరద ఏ చెట్టు దాకా వస్తుందో ఆమెకు ఎవరూ చెప్పనక్కర లేదు.

దారులు ఒకటి కాదు

పదో తరగతి, ఇంటర్ పిల్లలు ఇది రాసుకోండి.

మొదటి దారి ఇంటర్ ఎంపీసీ చదివి ఎప్‌సెట్ రాయడం. పాత పేరు ఎంసెట్. 160 ప్రశ్నలు, మూడు గంటలు. లెక్కలు 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. తప్పు రాస్తే మార్కు కోత లేదు, కాబట్టి ఒక్క ప్రశ్న కూడా ఖాళీ వదలొద్దు. మన పిల్లలకు ర్యాంకు ఇవ్వడానికి కనీస మార్కుల నిబంధన లేదు. తెలంగాణలో ఎస్టీ రిజర్వేషన్ 2022లో 6 నుంచి 10 శాతం అయింది. ఇంటర్ మార్కుల వెయిటేజీ తీసేశారు. కాని ఇంటర్ పాస్ కావాలి, గ్రూపు సబ్జెక్టుల్లో మనకు 40 శాతం ఉండాలి.

రెండో దారి పదో తరగతి తర్వాత పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా చేయడం. ఆ తర్వాత ఈసెట్ రాస్తే నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. పని చేతికి వచ్చాక థియరీ చదవడం కొందరికి తేలిక. ఇంటర్ లెక్కలకు భయపడే పిల్లలకు ఈ దారి గురించి నేను గట్టిగా చెప్తాను.

మూడోది మన పాత ఆదిలాబాద్ జిల్లాలోనే ఉంది. బాసర ట్రిపుల్ ఐటీ. 2008లో పెట్టారు. పదో తరగతి మార్కుల మీద సీటు. మొదటి రెండేళ్లు ఇంటర్‌తో సమానమైన చదువు, తర్వాత నాలుగేళ్లు బీటెక్. ఆరేళ్లు ఒకే క్యాంపస్.

నాలుగోది జేఈఈ. వరంగల్ ఎన్ఐటీ లాంటి కేంద్ర సంస్థల్లో మనకు 7.5 శాతం సీట్లు. ఐఐటీల్లో, ఎన్ఐటీల్లో ఎస్టీ విద్యార్థులకు ట్యూషన్ ఫీజు లేదు.

ఇక ఎప్‌సెట్‌తో వచ్చే ప్రభుత్వ యూనివర్సిటీ కాలేజీలు. ఉస్మానియా ఇంజినీరింగ్ కాలేజీ 1929లో మొదలైంది. జేఎన్‌టీయూ 1972లో వచ్చింది. దాని సొంత కాలేజీలు కూకట్‌పల్లిలోనే కాదు, మనకు దగ్గరగా జగిత్యాల జిల్లా నాచుపల్లిలో ఉంది, మంథనిలో ఉంది. చాలామంది తల్లిదండ్రులు "జేఎన్‌టీయూలో సీటు వచ్చింది" అంటారు. అడిగితే అది జేఎన్‌టీయూకు అనుబంధంగా ఉన్న ప్రైవేటు కాలేజీ. రెండింటికీ పట్టా ఇచ్చేది ఒకే యూనివర్సిటీ కావచ్చు. కాని ల్యాబులు, లైబ్రరీ, హాస్టలు, ఖర్చు వేరు. వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు ఈ తేడా చూడండి. నాలుగైదు ఆప్షన్లు పెట్టి ఊరుకోవద్దు. మీకు నిజంగా కావలసిన వరుసలో, పెట్టగలిగినన్ని పెట్టండి. కులం, ఆదాయం, ఆరో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు ఏప్రిల్‌లోనే చేతిలో ఉండాలి. కౌన్సెలింగ్ తేదీ వచ్చాక మీసేవ ముందు నిలబడితే పని కాదు.

ఇంత దాకా అందరూ చెప్తారు. నేనూ ఇంత దాకానే చెప్పేదాన్ని. సీటు వస్తే నా పని అయిపోయింది అనుకునేదాన్ని.

ఒక ఫ్లెక్సీ

కొన్నేళ్ల కిందట మా హాస్టల్ పిల్లకు హైదరాబాద్‌లో ఒక ప్రభుత్వ యూనివర్సిటీ కాలేజీలో ఈసీఈ సీటు వచ్చింది. పేరు చెప్పను. ఈ కథ చెప్పడానికి ఆమె ఒప్పుకుంది. "నా పేరు లేకుండా చెప్పండి మేడం, పిల్లలకు పనికొస్తది" అంది.

మా హాస్టల్‌కు అది పండుగ. నేనే స్టాఫ్ దగ్గర తలా వంద రూపాయలు వసూలు చేసి పెద్ద ఫ్లెక్సీ వేయించాను. ఆమె ఫొటో, కింద "మన ఆణిముత్యం, కాబోయే ఇంజినీర్" అని రాయించాను. వాళ్ల ఊరి స్టేజీ దగ్గర, బస్సు దిగేవాళ్లందరికీ కనిపించేలా కట్టించాను.

ఆమె పోయింది. మొదట్లో ఫోన్ చేసేది. "మంచిగుంది మేడం" అనేది. నేను "మంచిగ చదువు బిడ్డా" అనేదాన్ని. అంతే మా మాటలు. అక్టోబర్‌లో మొదటి మిడ్ పరీక్షలు అయ్యాయి. దండారికి ఇంటికొచ్చింది. పండుగ అయింది, గుస్సాడీలు దిగారు, తోటి పిల్లలు తిరిగి కాలేజీలకు పోయారు. ఈమె పోలేదు. జ్వరమని చెప్పింది. తర్వాత సెలవులని చెప్పింది.

జనవరిలో కేస్లాపూర్ జాతరకు పోతూ వాళ్ల ఊరి పక్క నుంచి వెళ్తున్నాను. పత్తి చేనులో నడుముకు గుడ్డ కట్టుకొని చివరి పత్తి ఏరుతున్న వాళ్లలో ఆమె కనిపించింది. స్కూటీ ఆపాను. వాళ్ల నాయన దగ్గరికి వచ్చి, "బాయీ, పిల్లకు ఏమైందో జర అడుగుండ్రి. మాకు చెప్తలేదు" అన్నాడు.

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒకటే మాట అంది. "మేడం, ఆ ఫ్లెక్సీ తీసేయించండి."

మిడ్‌లో 25 మార్కులకు ఒక సబ్జెక్టులో నాలుగు, ఒకదాంట్లో ఆరు వచ్చాయట. లెక్చరర్ ఇంగ్లిష్‌లో చెప్తుంటే మొదటి పది నిమిషాలు అర్థమయ్యేది, ఆ తర్వాత ఒక మాట తప్పితే మొత్తం తప్పిపోయేది. పక్క పిల్లల్ని అడిగితే నవ్వుతారేమోనని అడగలేదు. నాకు ఫోన్ చేసి చెప్పాలనుకుంది. కాని చెప్తే ఆ ఫ్లెక్సీ కట్టిన మేడం ఏమనుకుంటుందో అనుకుంది. బస్సు దిగిన ప్రతిసారీ తన ఫొటో తననే చూస్తున్నట్టు ఉండేదట.

హాజరు పడిపోయింది, డిటైన్ చేశారు. ఆమె "నన్ను తీసేసిండ్రు" అంది. నేను నమ్మాను. ఇరవై ఏళ్ల నుంచి చదువు చెప్పే మనిషిని, బీఈడీ చదివిన మనిషిని, డిటైన్ అంటే ఏమిటో ఎవరినీ అడగలేదు. "సరే బిడ్డా, ఏడవకు, దగ్గర్లో డిగ్రీ చేరుదువు" అన్నాను. డిగ్రీకి ఆమె మనసు రాలేదు. ఏడాది తిరిగేసరికి పెళ్లి చేశారు.

మూడేళ్ల తర్వాత ఇంకో పిల్లవాడి పని మీద ఒక యూనివర్సిటీ ఆఫీసుకు పోయినప్పుడు మాటల్లో తెలిసింది. డిటైన్ అంటే కాలేజీ నుంచి తీసేయడం కాదు. ఆ సెమిస్టర్ మళ్లీ చదవాలి, అంతే. మరుసటి ఏడాది అదే సెమిస్టర్‌లో తిరిగి చేరవచ్చు. జేఎన్‌టీయూలో నాలుగేళ్ల బీటెక్ పూర్తి చేయడానికి ఎనిమిదేళ్ల గడువు ఉంటుంది. అంటే ఆ రోజు పత్తి చేనులో నేను మూసిన తలుపుకు తాళం లేదు. నేను తోసి చూడలేదు.

ఉరుకులాడుతూ ఆమె దగ్గరికి పోయాను. చంకలో ఏడాది పిల్ల. అంతా విని నవ్వింది. "ఇప్పుడు నాతో కాదు మేడం. మా చెల్లె ఉంది, దానికి ముందే చెప్పుండ్రి" అంది.

అందుకే ముందే చెప్తున్నాను. వినండి.

ముందే తెలియాల్సిన లెక్కలు

జేఎన్‌టీయూ హైదరాబాద్ ఇప్పటి పద్ధతి చెప్తాను. మీరు చేరే యూనివర్సిటీలో అంకెలు కొంచెం మారవచ్చు. చేరిన మొదటి వారంలోనే "అకడమిక్ రెగ్యులేషన్స్" అనే కాగితం అడిగి తీసుకోండి. అందులో అన్నీ ఉంటాయి.

బీటెక్ నాలుగేళ్లు, ఎనిమిది సెమిస్టర్లు. ప్రతి థియరీ సబ్జెక్టుకు 100 మార్కులు. 40 కాలేజీలో జరిగే మిడ్‌లు, అసైన్‌మెంట్ల లాంటి వాటికి. 60 సెమిస్టర్ చివరి పరీక్షకు. 60లో కనీసం 21, 40లో కనీసం 14 రావాలి, రెండూ కలిపి 40 కావాలి. 21 ప్లస్ 14 కలిపితే 35 మాత్రమే అవుతుంది, అది పాస్ కాదు. ఈ చిన్న లెక్క తెలియక తప్పిన పిల్లలున్నారు.

హాజరు 75 శాతం ఉండాలి. 65 నుంచి 75 మధ్య ఉంటే డాక్టర్ సర్టిఫికెట్ లాంటి సరైన కారణంతో, ఫీజు కట్టి మినహాయింపు అడగొచ్చు. 65 కన్నా తగ్గితే డిటైన్. మనకు దండారి, నాగోబా జాతర, ఇంట్లో దినాలు, పెళ్లిళ్లు అన్నీ సెమిస్టర్ మధ్యలోనే వస్తాయి. పండుగ మానుకోమని నేను ఎప్పుడూ చెప్పను. దండారికి రాని పిల్ల మన పిల్ల ఎట్లా అవుతుంది? కాని సెమిస్టర్ మొదట్లోనే క్యాలెండర్ తీసి, మిడ్‌లు ఎప్పుడు, పండుగ ఎప్పుడు అని చూసుకొని, ఎన్ని రోజులు పోవచ్చో లెక్క వేసుకోండి. తల్లిదండ్రులు కూడా "పది రోజులు ఉండు" అని ఆపొద్దు. మీరు ప్రేమతో ఆపిన పది రోజులు అక్కడ పది శాతం అవుతాయి.

సబ్జెక్టు తప్పితే దాన్ని బ్యాక్‌లాగ్ అంటారు. సప్లిమెంటరీలో రాసి తీర్చుకోవచ్చు. బ్యాక్‌లాగ్ సిగ్గు కాదు. మన పిల్లలకే కాదు, అందరికీ ఉంటాయి. కాని దాచిన బ్యాక్‌లాగ్ ప్రమాదం. పై ఏడాదికి పోవాలంటే నిర్ణీత క్రెడిట్లు ఉండాలి. ఒకటి రెండు ఉన్నప్పుడే తీర్చుకోకపోతే మూడో ఏడాదికి అవి గుట్ట అవుతాయి.

మొదటి ఏడాదిలో మన పిల్లలు ఎక్కడ జారుతున్నారో నేను చూశాను. లెక్కల్లో మ్యాట్రిసెస్, క్యాలిక్యులస్. బేసిక్ ఎలక్ట్రికల్. సీ ప్రోగ్రామింగ్. కంప్యూటర్‌ను ఇంటర్ దాకా చేత్తో ముట్టని పిల్ల, అయిదో తరగతి నుంచి ఇంట్లో కంప్యూటర్ ఉన్న పిల్ల ఒకే ల్యాబులో కూర్చుంటారు. మొదటి రోజు తేడా కనిపిస్తుంది. అది తెలివిలో తేడా కాదు, అలవాటులో తేడా. ఎప్‌సెట్ అయ్యాక కాలేజీ తెరిచే దాకా రెండు నెలలు ఉంటుంది. ఆ రెండు నెలలు ఇంటర్ క్యాలిక్యులస్ మళ్లీ తిప్పండి. టైపింగ్ నేర్చుకోండి. అంతే చాలు, సగం భయం పోతుంది.

భాష సంగతి. మనకు ఇంట్లో గోండి, కొలామి. బడిలో తెలుగు. బజారులో మరాఠీ, హిందీ. అప్పటికే మూడు నాలుగు భాషలు వచ్చిన పిల్లకు ఇంగ్లిష్ రాదు అని తల వంచుకునే అవసరం ఏముంది? ఇంకొకటి నేర్చుకుంటుంది. ఏఐసీటీఈ వాళ్లు ఇంజినీరింగ్ పుస్తకాలు కొన్ని తెలుగులో తెచ్చి ఈ-కుంభ్ పోర్టల్‌లో ఉచితంగా పెట్టారు. ముందు తెలుగులో అర్థం చేసుకొని, తర్వాత అదే పాఠం ఇంగ్లిష్‌లో చదవండి. ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఉచితం. ఆపి, వెనక్కి తిప్పి పదిసార్లు వినొచ్చు. క్లాసులో లెక్చరర్‌ను అట్లా ఆపలేం కదా.

డబ్బు సంగతి. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది, మెస్ ఛార్జీలకు స్కాలర్‌షిప్ ఉంది. కాని అవి ప్రతి ఏడాదీ రెన్యువల్ చేయాలి. ఒక ఏడాది మరిచిపోతే ఆ ఏడాది పోయినట్టే. డబ్బు ఆలస్యంగా వస్తుంది, అది మనందరికీ తెలుసు. కాబట్టి చేరేటప్పుడు మొదటి మూడు నాలుగు నెలల మెస్ బిల్లు, పుస్తకాలు, డ్రాయింగ్ సామాన్లకు చేతిలో కొంత ఉండాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చే ముందు అన్నీ స్కాన్ చేసి, మీ మెయిల్‌లో పెట్టుకోండి.

కోటా మాట

ఇది చెప్పక తప్పదు. ఏదో ఒక రోజు ఎవరో ఒకరు మీ ర్యాంకు అడుగుతారు. చెప్పగానే "ఓహో, కోటానా" అంటారు. నవ్వుతూనే అంటారు. మా పిల్లలు ఇంటికొచ్చి ఈ మాట చెప్పి ఏడ్చిన రాత్రులున్నాయి.

మీకు ఒక జవాబు ఇస్తాను. రిజర్వేషన్ గేటు దాకా తీసుకొస్తుంది. లోపల పరీక్ష పేపర్ అందరికీ ఒకటే, పాస్ మార్కు అందరికీ ఒకటే. 60లో 21 వాళ్లకూ, మనకూ. మీ పట్టా మీద ఉన్న ప్రతి క్రెడిట్ మీరు రాసి సంపాదించిందే. ఇది గొంతు పెంచకుండా, తల దించకుండా చెప్పండి.

మాట దాటి వేధింపు దాకా వస్తే ఊరుకోవద్దు. ప్రతి కాలేజీలో యాంటీ ర్యాగింగ్ కమిటీ ఉండాలి, అది యూజీసీ నిబంధన. యాంటీ ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522. ఫోన్‌లో ఇప్పుడే వేసుకోండి. ఎస్టీ ఎస్సీ సెల్ ఎక్కడుందో చేరిన వారంలోనే పోయి చూసి రండి. అవసరం వచ్చిన రోజు వెతుక్కోవద్దు.

మనకు తెలిసిందే పుస్తకంలో ఉంది

ఒక మంచి సంగతి చెప్తాను. ఓఝా కుటుంబం పిల్లవాడు ఒకడు మెకానికల్‌లో చేరాడు. క్లాసులో నోరు విప్పని పిల్లవాడు. ఒక రోజు లెక్చరర్ ఇన్వెస్ట్‌మెంట్ కాస్టింగ్ పాఠం చెప్తున్నారు. మైనంతో నమూనా చేయాలి, దాని మీద పూత పూయాలి, వేడి చేస్తే మైనం కరిగి పోతుంది, ఆ ఖాళీలో కరిగిన లోహం పోయాలి. ఈ పిల్లవాడు ఆ బొమ్మ చూసి చూసి, "సార్, ఇది మా తాత చేస్తడు" అన్నాడట. క్లాసు అంతా తిరిగి చూసింది. లెక్చరర్ మంచివారు, బోర్డు దగ్గరికి పిలిచారు. లోపల మట్టి ఎట్లా పెడతారు, తేనె మైనం దారాలు ఎట్లా చుడతారు, గాలి పోయే దారి ఎక్కడ వదులుతారు, ఇత్తడి ఏ రంగుకు వచ్చినప్పుడు పోస్తారు, అన్నీ చెప్పాడు. మన డోక్రా అది. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది.

ఆ పిల్లవాడికి అప్పటికి ఏడు బ్యాక్‌లాగులు. ఆ రోజు తర్వాత అన్నీ మాయమయ్యాయని చెప్తే అబద్ధం అవుతుంది. రెండేళ్లు పట్టింది. కాని ఆ రోజు నుంచి వెనక బెంచీలో కూర్చోవడం మానేశాడు. ప్రశ్న అడగడం మొదలు పెట్టాడు. అయిదో ఏడాది పట్టా చేతికి వచ్చింది.

కంప్యూటర్ సైన్స్ పిల్లలకు కూడా ఒక మాట. మన గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. అంటే ప్రపంచంలో ఏ కంప్యూటర్‌లోనైనా ఆ అక్షరాలకు చోటు ఉంది. చోటు వచ్చింది సరే, దాన్ని నింపేది ఎవరు? అందమైన ఫాంట్లు కావాలి, ఫోన్‌లో తేలికగా కొట్టే కీబోర్డు కావాలి, గోండిలో చదివి వినిపించే యాప్ కావాలి. ఈ పని బెంగళూరులో పెద్ద కంపెనీ మన కోసం చేస్తుందని ఎదురు చూడొద్దు. నాలుగో ఏడాది ప్రాజెక్టు కోసం ఎక్కడో ఎవరో చేసింది కొనుక్కొని ఇచ్చే బదులు ఇది చేయండి.

పట్టా వచ్చాక దారులు ఉన్నాయి. ఏఈఈ ఉద్యోగాలకు బీటెక్ కావాలి. గేట్ రాసి అర్హత వస్తే ఎంటెక్‌లో నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ వస్తుంది. క్యాంపస్ ప్లేస్‌మెంట్లు ఉంటాయి, కాని చాలా కంపెనీలు బ్యాక్‌లాగులు లేనివాళ్లనే పిలుస్తాయి. అందుకే మళ్లీ మళ్లీ ఆ మాటే చెప్తున్నాను.

లెక్కలంటే నిజంగా ఇష్టం లేని పిల్లలు ఉంటారు. తల్లిదండ్రులకు చెప్తున్నాను, వాళ్లను బలవంతంగా పంపొద్దు. నర్సింగ్, అగ్రికల్చర్, లా, టీచింగ్, ఐటీఐ అన్నీ మంచి బతుకులే. మనకు ఇంజినీర్లు కావాలి, ఏడుస్తూ చదివే ఇంజినీర్లు వద్దు.

సంఘానికి నా విన్నపం

పెద్దలు ఏమీ అనుకోకపోతే మూడు మాటలు.

ఒకటి. సీటు వచ్చినప్పుడు ఫ్లెక్సీ కట్టొద్దు. పట్టా వచ్చినప్పుడు కడదాం. అప్పుడు నా జీతం నుంచి నేనే కట్టిస్తాను. మా హాస్టల్‌లో ఇది ఇప్పుడు నియమం. సీటు వచ్చిన పిల్లకు ఫ్లెక్సీ డబ్బుతో ఒక సైంటిఫిక్ కాలిక్యులేటర్, ఒక డ్రాఫ్టర్ కొనిస్తున్నాం.

రెండు. ప్రతి కొత్త విద్యార్థికి ఒక సీనియర్. ఇక్కడ బీటెక్ పూర్తి చేసినవాళ్లు, చదువుతున్నవాళ్లు చేతులు ఎత్తండి. చూడండి, ఎంతమంది ఉన్నారో. ఒక్కొక్కరు ఒక్క పిల్లను చూసుకోండి. వారానికి ఒకసారి ఫోన్. "మంచిగ చదువుతున్నవా" అని అడగొద్దు, దానికి జవాబు "మంచిగ" అనే వస్తుంది. నేను ఎనిమిది నెలలు ఆ జవాబే విని మోసపోయే దాకా వచ్చిన మరో పిల్ల కథ కూడా ఉంది. మూడు ప్రశ్నలు అడగండి. హాజరు ఎంత శాతం ఉంది? మిడ్‌లో ఎన్ని వచ్చాయి? ఈ వారం ఎవరితో కలిసి అన్నం తిన్నావు? మూడో ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యం. ఒంటరిగా తినే పిల్ల ఏదో దాస్తున్నది.

మూడు. చిన్న నిధి. స్కాలర్‌షిప్ వచ్చే దాకా మెస్ బిల్లుకు చేబదులు ఇచ్చి, డబ్బు వచ్చాక తిరిగి తీసుకునేది. దానం కాదు. మన ఊర్లలో విత్తనం గింజలు చేబదులు ఇచ్చుకుంటాం కదా, అట్లాంటిదే. మొదటి వెయ్యి రూపాయలు ఈ వేదిక మీదే సంఘం కోశాధికారికి ఇస్తున్నాను.

ఆఖరి మాట. ఆ ఈసీఈ పిల్ల చెల్లె సంగతి చెప్పలేదు కదా. ఆ పిల్ల ఇప్పుడు ఒక ప్రభుత్వ యూనివర్సిటీ కాలేజీలో సివిల్ మూడో ఏడాది. పోయిన నెల ఫలితాలు వచ్చిన రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసింది. నేను హలో అనకముందే, "మేడం, రెండు పోయినయ్. స్ట్రక్చరల్ ఒకటి, హైడ్రాలిక్స్ ఒకటి. సప్లీ ఫీజు రేపు కడుతున్న" అంది. అంతే, పెట్టేసింది. ఏడవలేదు. దాచలేదు.

ఆ తర్వాత వాళ్ల అక్కకు ఫోన్ చేసి చెప్పాను. ఆమె, "నాకు మీకన్నా ముందే చేసింది మేడం" అంది.

ఆ రెండు సబ్జెక్టులు తీరుతాయా అంటే, తీరుతాయనే నమ్మకం నాకుంది. తీరకపోతే ఇంకోసారి రాస్తుంది. ఇప్పుడు మాకు లెక్క తెలుసు.

బిడ్డలారా, మీరు పాసైతే మాకు చెప్పండి, సంతోషిస్తాం. తప్పితే ముందు మాకు చెప్పండి.